మెరోపెనమ్ ఎప్పుడూ వాడని మనిషిలో దానికి లొంగని బ్యాక్టీరియా ఎక్కడి నుంచి వచ్చింది?

చదివే మిగతావాళ్లకూ తెలియాలి కాబట్టి మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్తాను. ఆపరేషన్ తర్వాత ఐసీయూలో ఉన్న మీ నాన్నగారికి మూత్రం కల్చర్ చేస్తే క్లెబ్సియెల్లా న్యుమోనియే పెరిగింది. రిపోర్టులో మెరోపెనమ్ అనే బలమైన యాంటీబయాటిక్‌తో సహా దాదాపు ప్రతి మందు ఎదురుగా ‘ఆర్’ (రెసిస్టెంట్, అంటే ఆ మందుకు లొంగదు) అని ఉంది. ఆయన జీవితంలో మెరోపెనమ్ వాడలేదు, మామూలు యాంటీబయాటిక్స్ వాడిందీ తక్కువే. అలాంటి మనిషిలో ఇది ఎలా వచ్చింది, ఒక్క బ్యాక్టీరియా ఇన్ని మందులను ఎలా తట్టుకుంటోంది, కొన్నాళ్లు మందులు ఆపితే అది మళ్లీ మామూలైపోతుందా అని అడిగారు.

నేను క్లినికల్ మైక్రోబయాలజిస్టును. ఇలాంటి రిపోర్టులు చూసి సంతకం చేయడం నా రోజువారీ పని. ఏ మందు ఇవ్వాలో ఆయన్ని దగ్గరుండి చూస్తున్న డాక్టర్లే నిర్ణయించాలి. ఆ బ్యాక్టీరియా లోపల ఏం జరిగి ఉంటుందో మాత్రం నేను వివరంగా చెప్పగలను.

మీ నాన్నగారి ఒంటికి మెరోపెనమ్ పనిచేయకుండా పోలేదు. ఆ ‘ఆర్’ ఆయన శరీరం గురించి చెప్పేది కాదు, ఆ క్లెబ్సియెల్లా వంశం గురించి చెప్పేది. ఆయన ఏ మందులు వాడారన్నది ఇక్కడ పెద్దగా లెక్కలోకి రాదు. ఆ బ్యాక్టీరియా పూర్వీకులు ఎక్కడెక్కడ బతికాయి, ఏ మందుల మధ్య నెగ్గుకొచ్చాయి, ఎవరి దగ్గర ఏ జన్యువులు అందుకున్నాయి అన్నదే లెక్క. చాలామంది కుటుంబ సభ్యులు ‘మేమే ఏదో తప్పు మందు వేశామేమో’ అని కుమిలిపోతుంటారు. మీరు ఆ టెన్షన్ పెట్టుకోకండి.

మందుకు లొంగకుండా మారడానికి బ్యాక్టీరియాకు రెండు దారులున్నాయి. దాని సొంత డీఎన్ఏలో మార్పు రావచ్చు, లేదా మరో బ్యాక్టీరియా దగ్గర సిద్ధంగా ఉన్న జన్యువును తెచ్చుకోవచ్చు. మీరు చెప్పిన రిపోర్టును బట్టి చూస్తే రెండోదే ప్రధాన కారణమై ఉండాలి. అయినా మొదటిదాన్ని వదిలేయలేం. చికిత్స మొదలుపెట్టినప్పుడు పనిచేసిన మందు మధ్యలో పనిచేయడం మానేసిందంటే చాలాసార్లు కారణం అదే.

కణం రెండుగా చీలేటప్పుడు తన డీఎన్ఏ మొత్తానికీ నకలు తీస్తుంది. పేగుల్లో ఉండే ఈ. కోలై లాంటి బ్యాక్టీరియాలో సగటున కొన్ని వందల నుంచి వెయ్యి విభజనలకు ఒక తప్పు దొర్లుతుంది. చాలా తప్పుల వల్ల ఏమీ కాదు. కానీ రిఫాంపిసిన్ అనే యాంటీబయాటిక్‌నే తీసుకోండి. అది అతుక్కునే ప్రొటీన్‌ను తయారుచేసే ఆర్‌పీఓ-బీ జన్యువులో సరైన చోట ఒక్క అక్షరం మారితే చాలు, మందుకు ఇక పట్టు దొరకదు. సుమారు 10 కోట్ల కణాల్లో ఒకదానిలో ఆ మార్పు ఉంటుంది. తీవ్రమైన ఇన్ఫెక్షన్‌లో కణాల సంఖ్య అంతకంటే ఎక్కువే కాబట్టి, అలాంటి చోట ఆ మందును ఒంటరిగా వాడరు. సిప్రోఫ్లాక్సాసిన్ విషయంలో ఇది మెట్లు మెట్లుగా జరుగుతుంది. ముందు ఆ మందు పట్టుకునే జైరేజ్ ఎంజైమ్‌లో ఒక మార్పు వస్తుంది, కాస్త బలం వస్తుంది. తర్వాత దాని జతగాడైన టోపోఐసోమరేజ్-4లో ఇంకో మార్పు వస్తుంది. అప్పటికి మందు డోసు ఎంత పెంచినా లాభం ఉండదు.

మందు చూసి బ్యాక్టీరియా నేర్చుకుంటుందని చాలామంది అనుకుంటారు. అలా జరగదు. 1943లో లూరియా, డెల్‌బ్రూక్ అనే శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగం, 1952లో శాస్త్రవేత్తలైన లెడర్‌బర్గ్ దంపతులు మఖమల్ గుడ్డతో ఒక ప్లేటు మీది కాలనీలను ఇంకో ప్లేటు మీదికి అద్ది చేసిన ప్రయోగం ఈ సంగతిని తేల్చేశాయి. లొంగని కణాలు మందు తగలకముందే ఆ గుంపులో ఉన్నాయి. మందు మిగతావాటిని చంపి వాటికి చోటు ఖాళీ చేసింది, అంతే. కొన్ని యాంటీబయాటిక్స్ డీఎన్ఏకు దెబ్బ తగిలించి తప్పుల వేగాన్ని కొంత పెంచే మాట నిజమే, కానీ ఏ తప్పు దొర్లాలో అవి నిర్ణయించలేవు.

సొంత మార్పులన్నీ మందు తగిలే చోటే రావాలని లేదు. సూడోమోనాస్ అనే బ్యాక్టీరియాలోకి మెరోపెనమ్ కుటుంబపు మందైన ఇమిపెనమ్ వెళ్లే దారి ఓపీఆర్-డీ అనే చిన్న రంధ్రం లాంటి ప్రొటీన్. ఆ జన్యువు పాడైతే దారి మూసుకుపోతుంది. అదే బ్యాక్టీరియాలో మందును లోపలి నుంచి బయటికి తోసే పంపులు కూడా ఉంటాయి. వాటిని అదుపులో పెట్టే జన్యువు చెడిపోతే పంపులు పగలూ రాత్రీ నడుస్తాయి, ఒకేసారి నాలుగైదు రకాల మందులు బయటికి పోతాయి. ఎంటరోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా కథ ఇంకోలా ఉంటుంది. యాంప్-సీ అనే, మందును విరగ్గొట్టే ఎంజైమ్ జన్యువు దానికి పుట్టుకతోనే ఉంది, మామూలుగా అణిగి ఉంటుంది. దాన్ని అణచి ఉంచే ఏర్పాటులో ఒక మ్యుటేషన్, అంటే డీఎన్ఏ మార్పు, వచ్చిన కణం ఆ ఎంజైమ్‌ను కుప్పలుగా తయారుచేస్తుంది. మొదటి రిపోర్టులో సెఫ్ట్రియాక్సోన్ అనే మందుకు ‘ఎస్’ (సెన్సిటివ్, అంటే లొంగుతుంది) అని ఉండి, చికిత్స మధ్యలో చేసిన రెండో రిపోర్టులో ‘ఆర్’ వస్తే, ల్యాబ్ తప్పు చేసిందని అనుకోకండి. జరిగింది బహుశా ఇదే.

ఇక రెండో దారి. మీ ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడుంది.

1950ల్లో జపాన్‌లో రక్తవిరేచనాలు కలిగించే షిగెల్లా ఒకేసారి నాలుగు మందులకు లొంగకుండా కనిపించసాగింది: సల్ఫా మందులు, స్ట్రెప్టోమైసిన్, క్లోరాంఫెనికాల్, టెట్రాసైక్లిన్. నాలుగు వేర్వేరు మ్యుటేషన్లు ఒకే కణంలో ఒకేసారి రావడం లెక్క ప్రకారం దాదాపు అసాధ్యం. 1959లో అక్కడి శాస్త్రవేత్తలు మందులకు లొంగని ఈ. కోలైని, లొంగే షిగెల్లాతో కలిపి పెంచి చూశారు. ఆ నాలుగు గుణాలూ మూటగా ఇటు నుంచి అటు వెళ్లాయి. రెండు వేర్వేరు జాతుల మధ్య, తల్లీబిడ్డల సంబంధం లేకుండా. ఆ మూటనే మనం ఇప్పుడు ప్లాస్మిడ్ అంటున్నాం. ప్రధాన క్రోమోజోమ్‌తో సంబంధం లేకుండా తనంతట తాను నకళ్లు తీసుకునే గుండ్రటి డీఎన్ఏ అది. ఒక కణం సన్నటి పోగుతో పక్క కణాన్ని పట్టుకుని దగ్గరికి లాక్కుంటుంది, ప్లాస్మిడ్ డీఎన్ఏలోని రెండు పోగుల్లో ఒకదాన్ని అందులోకి పంపుతుంది, రెండు కణాలూ తమ తమ రెండో పోగును పూర్తి చేసుకుంటాయి. ఇచ్చిన కణం దగ్గర ఏమీ తగ్గదు, పుచ్చుకున్న కణం మరుక్షణం నుంచి మరొకరికి ఇవ్వగలదు. మనిషి పేగు దీనికి అనువైన చోటు. వెచ్చగా ఉంటుంది, తిండి ఉంటుంది, కోటానుకోట్ల కణాలు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉంటాయి.

మీ నాన్నగారి క్లెబ్సియెల్లా మోస్తున్న జన్యువు ఏదో ఆ రిపోర్టు చెప్పదు. అయితే ఇలాంటి చోట మొదట అనుమానించాల్సినవి ఎన్‌డీఎం, ఓఎక్స్ఏ-48, కేపీసీ అనే మూడు. మూడూ కార్బపెనమేజ్‌లే, అంటే మెరోపెనమ్ కుటుంబపు మందులను విరగ్గొట్టే ఎంజైమ్‌లు. మెరోపెనమ్ అణువులో నాలుగు పరమాణువుల చిన్న వలయం ఒకటుంటుంది, మందు బలమంతా అందులోనే ఉంది. బ్యాక్టీరియా గోడ కట్టే ప్రొటీన్లకు ఆ వలయం శాశ్వతంగా అతుక్కుని గోడ పని ఆపేస్తుంది. ఎన్‌డీఎం ఎంజైమ్ తన మధ్యలో ఉన్న రెండు జింక్ అయాన్ల సాయంతో నీటి అణువును ఆ వలయం మీదికి ఉసిగొల్పి దాన్ని తెరిచేస్తుంది. వలయం తెరుచుకున్న మందు ఉత్త చెత్త. ఒక ఎంజైమ్ అణువు అలా ఒకదాని తర్వాత ఒకటిగా మందు అణువులను విరగ్గొడుతూ పోతుంది.

ఎన్‌డీఎం-1ను మొదట గుర్తించింది కూడా మూత్రం నుంచి తీసిన క్లెబ్సియెల్లాలోనే. ఢిల్లీలో ఆసుపత్రిలో ఉండి స్వీడన్‌కు తిరిగి వెళ్లిన ఒక రోగి నమూనా అది, 2008లో తీశారు. 2009 చివర్లో ఆ పరిశోధన అచ్చయింది. ఆ జన్యువు చుట్టుపక్కల డీఎన్ఏ చదివితే దాని ప్రయాణం కొంత తెలుస్తుంది. దానికి ఎగువన ఐఎస్ఏబీఏ-125 అనే, డీఎన్ఏలో ఒకచోటి నుంచి ఇంకోచోటికి దూకే ముక్క ఉంటుంది. అది ఎసినెటోబ్యాక్టర్ అనే మరో బ్యాక్టీరియాకు సొంతమైన ముక్క. అంటే ఈ జన్యువు ఎసినెటోబ్యాక్టర్‌లో రూపుదిద్దుకుని, అక్కడి నుంచి క్లెబ్సియెల్లా, ఈ. కోలైలకు చేరిందని అనుకోవడానికి బలమైన ఆధారం ఉంది. ఆ ముక్క వాహనంగానే కాదు, జన్యువును గట్టిగా పనిచేయించే స్విచ్‌గానూ ఉపయోగపడుతుంది. జన్యువు ఉండటం వేరు, అది పనిచేయడం వేరు. చాలాచోట్ల ఆ తేడాను తెచ్చేది ఇలాంటి దూకే ముక్కలే.

మరి ఈ జన్యువులకు మొదటి పుట్టుక ఎక్కడ? మనం మందులు తయారుచేయడానికి చాలా ముందే. యాంటీబయాటిక్స్‌లో ఎక్కువ భాగం మట్టిలోని సూక్ష్మజీవులు ఒకదానితో ఒకటి పోటీపడుతూ తయారుచేసుకున్నవి. కాబట్టి వాటికి విరుగుళ్లు కూడా అక్కడే పుట్టాయి. దాదాపు 30,000 ఏళ్ల నాటి గడ్డకట్టిన నేల నుంచి తీసిన డీఎన్ఏలో బీటా-లాక్టమ్ (పెన్సిలిన్, మెరోపెనమ్ లాంటివి), టెట్రాసైక్లిన్, వాంకోమైసిన్ రకం మందులకు ఎదురునిలిచే జన్యువులు దొరికాయని 2011లో తేలింది. పెన్సిలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్‌ను 1940లోనే వర్ణించారు, అప్పటికి ఆ మందు ఆసుపత్రుల్లోకి రానేలేదు. ఎంఆర్ఎస్ఏ, అంటే మెథిసిలిన్ అనే మందుకు లొంగని స్టాఫిలోకాకస్ బ్యాక్టీరియా, దానిదీ ఇదే వరస. మెథిసిలిన్ వాడకంలోకి వచ్చిన కొద్ది కాలానికే, 1961లో, దానికి లొంగని స్టాఫిలోకాకస్‌ను ఇంగ్లండ్‌లో చూశారు. కానీ ఆ పాత నమూనాల జీనోమ్‌లను, అంటే మొత్తం డీఎన్ఏను, ఈమధ్య చదివి లెక్కకడితే, దాన్ని లొంగకుండా చేసే మెక్-ఏ జన్యువు ఆ వంశంలోకి 1940ల నడుమే వచ్చిందని తేలింది, మెథిసిలిన్ పుట్టకముందే. మెరోపెనమ్ వాడని మీ నాన్నగారిలో మెరోపెనమ్‌కు లొంగని బ్యాక్టీరియా ఉండటంలో వింత లేదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనబడదు. సీటీఎక్స్-ఎం అనే ఎంజైమ్ జన్యువు క్లుయ్‌వెరా అనే బ్యాక్టీరియా క్రోమోజోమ్ నుంచి, ఓఎక్స్ఏ-48 నీళ్లలో బతికే షెవానెల్లా నుంచి వచ్చాయి. వాటి సొంత ఇంట్లో అవి ఎవరికీ ఇబ్బంది కలిగించలేదు. ప్లాస్మిడ్ ఎక్కి ఆసుపత్రికి చేరాకే మనకు సమస్య అయ్యాయి.

మీ రెండో ప్రశ్న, ఒక్కటే ఇన్ని మందులను ఎలా తట్టుకుంటోందన్నది. ఒకే ప్లాస్మిడ్ మీద ఈ జన్యువులు పక్కపక్కనే పోగవుతాయి. అందులో పెద్ద పాత్ర ఇంటిగ్రాన్ అనే ఏర్పాటుది. చిన్న చిన్న జన్యు ముక్కలను పట్టుకొచ్చి వరసగా గుచ్చే ఎంజైమ్ ఒకటి అందులో ఉంటుంది, దండలో పూసలు గుచ్చినట్టు. ముందున్న స్విచ్‌కు దగ్గరగా ఉన్న పూస బాగా పనిచేస్తుంది, దూరంగా ఉన్నది తక్కువ. డీఎన్ఏకు దెబ్బ తగిలినప్పుడు బ్యాక్టీరియాలో మోగే ప్రమాద సంకేతం ఈ ఎంజైమ్‌ను కూడా లేపుతుంది. సిప్రోఫ్లాక్సాసిన్, ట్రైమెథోప్రిమ్ లాంటి మందులు ఆ సంకేతాన్ని మోగించగలవు. అంటే సరిగ్గా మందు మధ్య ఉన్నప్పుడే పూసల వరస మారే అవకాశం పెరుగుతుంది.

ఎన్‌డీఎం ఉన్న ప్లాస్మిడ్ మీద తరచూ కనిపించే తోడు జన్యువులు చూడండి. ఆర్మ్-ఏ, ఆర్‌ఎంటీ-సీ లాంటివి, ప్రొటీన్లు తయారుచేసే రైబోజోమ్ మీద మిథైల్ అనే చిన్న రసాయన గుంపును అతికించి అమికాసిన్, జెంటామైసిన్, టోబ్రామైసిన్ అనే మందులన్నింటినీ ఒకేదెబ్బకు పనికిరాకుండా చేస్తాయి. సల్-1 సల్ఫా మందులకు ఎదురునిలుస్తుంది. సీటీఎక్స్-ఎం-15 సెఫ్ట్రియాక్సోన్ లాంటి సెఫలోస్పోరిన్ మందులను విరగ్గొడుతుంది. అమికాసిన్‌ను చెడగొట్టే ఒక పాత ఎంజైమ్‌లో రెండే అమైనో ఆమ్లాలు మారి, అది సిప్రోఫ్లాక్సాసిన్‌ను కూడా కొంత చెడగొట్టడం నేర్చింది. అదీ ఈ వరసలో ఉండొచ్చు. ఇప్పుడు ఇదే ప్లాస్మిడ్ ఉన్న ఒక కణానికి మెరోపెనమ్ కాకుండా ఒక సల్ఫా మందు తగిలిందనుకోండి. సల్-1 వల్ల ఆ కణం బతుకుతుంది, దాంతోపాటు ఎన్‌డీఎం కూడా బతుకుతుంది. అందుకే మెరోపెనమ్ ఒక్కటి పొదుపుగా వాడితే చాలదు. ఏ యాంటీబయాటిక్ అనవసరంగా వాడినా మొత్తం మూటకు మేలు జరుగుతుంది. వైద్యులు కూడా ఈ సంగతిని చాలినంతగా పట్టించుకోవడం లేదన్నది నా గట్టి అభిప్రాయం.

ఒక హెచ్చరిక. రిపోర్టులో మెరోపెనమ్ ‘ఆర్’ అంటే కార్బపెనమేజ్ ఉన్నట్టేనని ఖాయం చేసుకోకూడదు. క్లెబ్సియెల్లాలో మందు లోపలికి వచ్చే రెండు ప్రధాన రంధ్రాల జన్యువులు పాడై, దానికి సీటీఎక్స్-ఎం తోడైతే, కార్బపెనమేజ్ లేకుండానే ‘ఆర్’ రావచ్చు. కాగితం మీద అక్షరం ఒకటే. కానీ ఆసుపత్రికి ఈ రెండూ ఒకటి కావు. మూసుకుపోయిన రంధ్రం పక్క కణానికి బదిలీ కాదు. ప్లాస్మిడ్ మీది ఎన్‌డీఎం పక్క మంచం రోగి పేగులోని ఈ. కోలైకి కూడా చేరగలదు. చివరి ఆశగా వాడే కొలిస్టిన్ అనే మందుదీ అదే తీరు. క్లెబ్సియెల్లాలో ఎంజీఆర్-బీ అనే చిన్న జన్యువు చెడిపోతే బయటి పొర విద్యుదావేశం మారి కొలిస్టిన్‌కు పట్టు దొరకదు. అది ఆ వంశానికే పరిమితం. 2015 నవంబరులో చైనా శాస్త్రవేత్తలు ప్రకటించిన ఎంసీఆర్-1 కూడా ఇంచుమించు అదే ఫలితం ఇస్తుంది, కానీ అది ప్లాస్మిడ్ మీద ఉంది. అందుకే అప్పట్లో అంత ఆందోళన రేగింది.

ఆసుపత్రిలోనే ఎందుకు ఎక్కువంటే, బలమైన మందులు రోజూ వాడే చోటు అది. మందులు పేగులోని మంచి బ్యాక్టీరియాను తుడిచిపెట్టి ఇలాంటి వాటికి జాగా ఇస్తాయి. క్యాథెటర్, వెంటిలేటర్ గొట్టాల మీద అవి జిగురు పొర కట్టుకుని కూర్చుంటాయి. చేతుల మీదుగా మంచం నుంచి మంచానికి వెళ్తాయి. 2011లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల క్లినికల్ సెంటర్‌లో కేపీసీ ఉన్న క్లెబ్సియెల్లా 18 మందికి పాకింది. వారిలో 11 మంది చనిపోయారు, ఆరుగురి మరణానికి ఈ ఇన్ఫెక్షనే కారణమని తేల్చారు. మొదటి రోగి డిశ్చార్జ్ అయిన మూడు వారాలకు గానీ రెండో కేసు బయటపడలేదు, అందుకే మొదట సంబంధం ఉందో లేదో అర్థం కాలేదు. ప్రతి నమూనా జీనోమ్ మొత్తం చదివి, ఒక్కో అక్షరం తేడాను బట్టి ఎవరి నుంచి ఎవరికి వెళ్లిందో గీత గీశారు. మధ్యలో కొందరు ఏ లక్షణమూ లేకుండా పేగులో దాన్ని మోశారు. సింకు డ్రెయిన్లలో, శుభ్రం చేసిన ఒక వెంటిలేటర్‌లో కూడా అది దొరికింది.

మూడో ప్రశ్నకు నా జవాబు మీకు నచ్చకపోవచ్చు. మందులు ఆపితే తగ్గుతుంది, కానీ మీరు ఆశించినంత త్వరగా కాదు, ఒక్కోసారి అసలు తగ్గదు. అదనపు డీఎన్ఏ మోయడం బ్యాక్టీరియాకు కొంత భారమే, కాబట్టి మందు లేని చోట అది వెనకబడాలి. అయితే కొన్ని తరాల్లో ఆ భారాన్ని తగ్గించే ఇతర మ్యుటేషన్లు వస్తాయి. పైగా చాలా ప్లాస్మిడ్ల మీద విషం, విరుగుడు అనే జంట జన్యువులు ఉంటాయి. విషం ఎక్కువసేపు నిలుస్తుంది, విరుగుడు త్వరగా కరిగిపోతుంది. ప్లాస్మిడ్‌ను పోగొట్టుకున్న బిడ్డ కణానికి కొత్తగా విరుగుడు అందక, మిగిలిన విషంతో చస్తుంది లేదా పెరుగుదల ఆగిపోతుంది. బ్రిటన్‌లో 1990ల్లో సల్ఫా మందు వాడకం దాదాపు పూర్తిగా పడిపోయింది. అయినా ఆ దశాబ్దం చివర చూస్తే ఈ. కోలైలో దానికి ఎదురునిలిచేవి తగ్గలేదు. సల్ఫా జన్యువులు ఇతర మందుల జన్యువులతో కలిసి ప్రయాణించడం ఇందుకు ఒక ముఖ్య కారణం.

ఇప్పుడు మీరు చేయగలిగినవి. డాక్టర్‌ను ముందు అడగాల్సింది, ఆయనకు నిజంగా మూత్ర ఇన్ఫెక్షన్ ఉందా లేక క్యాథెటర్‌లో బ్యాక్టీరియా ఉత్తినే చేరి ఉందా అని. జ్వరం, ఇతర లక్షణాలు లేకపోతే రిపోర్టు ఎంత భయంకరంగా ఉన్నా చాలాసార్లు యాంటీబయాటిక్ అవసరం ఉండదు, క్యాథెటర్ తీయడమో మార్చడమో సరిపోతుంది. ఇన్ఫెక్షనే అయితే, కార్బపెనమేజ్ జన్యువు ఏదో తేల్చే పీసీఆర్ అనే డీఎన్ఏ పరీక్ష చేశారా అని అడగండి. గంటల్లో తెలిసిపోతుంది, దాన్నిబట్టి మందు మారుతుంది. కేపీసీ లేదా ఓఎక్స్ఏ-48 అయితే సెఫ్టాజిడిమ్-అవిబాక్టమ్ పనిచేసే అవకాశం ఉంది; ఈ జోడీలో సెఫ్టాజిడిమ్ యాంటీబయాటిక్, అవిబాక్టమ్ దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్‌లను ఆపేది. ఎన్‌డీఎం అయితే అది ఒంటరిగా పనిచేయదు, ఎందుకంటే జింక్‌తో నడిచే ఎంజైమ్‌ను అవిబాక్టమ్ ఆపలేదు. అయితే ఎన్‌డీఎం చేతిలో విరగని మందు ఒకటుంది, అజ్ట్రియోనమ్. చిక్కేమిటంటే పక్కనే ఉండే సీటీఎక్స్-ఎం దాన్ని విరగ్గొడుతుంది. అజ్ట్రియోనమ్‌తోపాటు అవిబాక్టమ్ కూడా ఇస్తే, అవిబాక్టమ్ సీటీఎక్స్-ఎంను ఆపుతుంది, అజ్ట్రియోనమ్ తన పని చేసుకుంటుంది. ప్రతి మందు ఎదురుగా ‘ఆర్’ ఉన్నా దారి పూర్తిగా మూసుకుపోలేదని నేను అనేది ఇందుకే. ఈ జోడీ పనిచేస్తుందో లేదో ల్యాబ్‌లో పరీక్షించి చూడొచ్చు.

ఆయన దగ్గరికి వెళ్లేముందు, వచ్చాక చేతులు కడుక్కోండి. మూత్రం సంచిని ముట్టుకున్నాక తప్పకుండా కడుక్కోండి. ఆరోగ్యంగా ఉన్న మీకు దీనివల్ల జబ్బు వచ్చే అవకాశం తక్కువే, మీ చేతుల మీదుగా ఇంకో రోగికి వెళ్లకూడదన్నదే ముఖ్యం. ఇన్ఫెక్షన్ నయమయ్యాక కూడా ఈ క్లెబ్సియెల్లా ఆయన పేగులో నెలల తరబడి, కొందరిలో ఏడాది దాటి ఉండొచ్చు. దాన్ని పోగొట్టడానికని యాంటీబయాటిక్స్ ఇవ్వరు, మీరూ అడగొద్దు. ఏ జన్యువు దొరికిందో డిశ్చార్జ్ సమ్మరీలో రాయించుకోండి. మళ్లీ ఎప్పుడు ఏ ఆసుపత్రిలో చేర్చినా, వాళ్లు అడగకముందే ఆ కాగితం మొదటిరోజే చూపించండి.